మెట్ట మీద కొలత, పల్లంలో ఇల్లు

చెట్టన్నది మొలవని మంచుదేశంలో గులకరాళ్ళ మెట్ట ఒకటి, దాని కింద నాచు పరుచుకున్న పల్లం ఒకటి, రెంటికీ మధ్య రాళ్ళూ బురదా కలిసిన వాలు ఒకటి ఉన్నాయి. అక్కడ నేల అడుగున ఏడాది పొడుగునా ఐసే. వేసవి రెండు నెలలూ పైపొర మాత్రం కరుగుతుంది. ఆ కరిగినంత మేరే మాకు నేల. బొరియలూ అందులోనే, పురుళ్ళూ అందులోనే.

నేను మంచుకోడిని. మా జాతి బొరియ తవ్వదు కనుక అందరి బొరియల సంగతీ నాకు తెలుసు.

మంచు కరగగానే మా దగ్గర కాలుకొలత జరుగుతుంది. నక్క పరాంకుశం గారు గొయ్యి తీసి ముందుకాలు దించుతారు. కాలు ఎందాకా దిగితే ఆ ఏడు నేల అంత లోతు. అది విని అందరూ ఇళ్ళకు చోటు చూసుకోవాలి. గొయ్యి ఎప్పుడూ మెట్ట మీద, ఆయన గుమ్మం ముందే తీస్తారు. అక్కడ పొడిగా ఉంటుంది. కాళ్ళు తడుపుకుని సభలో కూర్చోవడం ఎవరికి ఇష్టం? సభ జరిగే చోట ఎవరూ ఎవర్నీ తినకూడదని కట్టుబాటు. సభలో ఇచ్చిన మాట వెనక్కి తీసుకోకూడదని ఇంకో కట్టుబాటు.

పరాంకుశం గారికి నేల గురించి తెలియనిది లేదు. ఆ మాట అడిగినవాళ్ళందరికీ ఆయనే చెబుతారు. ఆయన పక్కన కుందేలు సింహాద్రి కూర్చుంటాడు. చెవులు చాలా పొడుగు, వాటి మధ్య చోటు కొంచెం తక్కువ. అందరికంటే వెనక ఎద్దు వీరన్న తాత. ఒళ్ళంతా నేలను ఊడ్చే బొచ్చు. ఆయన ఒక మాటను నెమరేసి, మింగి, మళ్ళీ పైకి తెచ్చుకుని చెప్పేసరికి సభ అయిపోతుంది.

ఆ ఏడు పరాంకుశం గారు కాలు దించి, "భుజం దాకా!" అని ప్రకటించారు. "మన నేలంతా భుజం లోతు. ఎక్కడ తవ్వుకున్నా ఒకటే."

అప్పుడే ఎలుక మంగతాయి రొప్పుతూ మెట్ట ఎక్కింది. వాగు పొంగి ఆమె ఇల్లు కొట్టుకుపోయింది. కళ్ళు తెరవని పిల్లలు ఆరుగురినీ ఒక్కొక్కరినే నోట కరుచుకుని ఒడ్డుకు చేర్చింది.

"మావయ్యా, ఈ మెట్ట మీద ఓ మూల చోటిప్పించండి. మంచు పడేలోగా లోతుగా ఇల్లు చేసుకోకపోతే నా పిల్లలు దక్కరు."

"మెట్ట మీదా?" పరాంకుశం గారు జాలిపడ్డారు. "ఈ గులకరాళ్ళలో పసివాళ్ళేమిటి తల్లీ, ఒళ్ళు గీరుకుపోదూ? పల్లం చూడు, పరుపులా ఉంది. పైనే అంత మెత్తగా ఉంటే లోపల ఇంకెంత మెత్తగా ఉండాలి!"

"మరి లోతు?"

"ఇప్పుడేగా కొలిచాం!"

"నేలంతా ఒకటేగా!" అన్నాడు సింహాద్రి.

అందరూ తలూపారు. నేనూ ఊపాను. వీరన్న తాత నోరు తెరిచాడు గానీ, అప్పటికే మేం లేచిపోయాం.

లోతుగా దిగిన ఎలుక నక్కకు అందదు. లోతు లేని చోట కాపురం పెట్టిన ఎలుక మూత పెట్టిన గిన్నెలో కూరతో సమానం. ఈ సంగతి మాకు తర్వాతే తెలిసిందని ఇప్పుడు చెప్పుకుంటున్నాం.

మంగతాయి పల్లంలో తవ్వింది. బెత్తెడు నాచు, దాని కింద కాస్త నల్లటి బురద, అంతే. నా ముక్కు దిగేంత లోతులో గోళ్ళు టక్కున ఐసుకు తగిలాయి. గొయ్యి నిండా నీళ్ళూరాయి. చోటు మార్చింది. అక్కడా అంతే. మూడోచోటా అంతే. చివరికి ఉన్నంతలోనే నాచు మెత్తగా నలిపి పిల్లల్ని పడుకోబెట్టి, పక్కనే మళ్ళీ తవ్వడం మొదలుపెట్టింది.

నేను అటుగా వెళ్ళాను. అటు నాకు పనేమీ లేదు.

"ఏమే మంగతాయీ, ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నావా?"

"కింద ఐసుంది పిన్నీ."

"పరాంకుశం గారి కాలు భుజం దాకా దిగింది. నీ గోళ్ళకే ఏమొచ్చింది?"

"ఈ కాలం వాళ్ళకు ఒళ్ళు వంగదు పిన్నీ," అన్నాడు సింహాద్రి, పొద్దుటినుంచీ పడుకున్న చోటినుంచి లేవకుండా.

ఆమె నెత్తురు కారుతున్న వేళ్ళను నాక్కుని మళ్ళీ తవ్వింది. ఆ సంగతి నేను నాలుగు చోట్ల చెప్పాను. నాలుగో చోటికి వచ్చేసరికి మంగతాయికి గోళ్ళే లేవు.

పరాంకుశం గారు రోజూ మధ్యాహ్నం పల్లానికి దిగి పలకరించి వచ్చేవారు. ఎంత మంచి మనసో అనుకున్నాం. ఒకరోజు ఆయన ఒక్క గోటితో నాచు పక్కకు తీశారు. కిందే ఆరుగురు పిల్లలు.

"కళ్ళు తెరిచారే! కాస్త ఒళ్ళు చెయ్యనీ. ఇంకో నాలుగు రోజులు ఆగుదాం."

"దేనికి మావయ్యా?"

"ఊరికే, చూడ్డానికి," అని ఆయన మూతి నాక్కుంటూ వెళ్ళిపోయారు.

మర్నాడు మంగతాయి సభ పిలిపించింది. బురద కాళ్ళతో మెట్ట మీద నిలబడి, పరాంకుశం గారికి దణ్ణం పెట్టింది.

"మావయ్యా, మీరన్నట్టే పల్లం పరుపులా ఉంది. అంత సుఖం నా మొహానికి ఎక్కువ. పెద్దవారు, కీళ్ళనొప్పుల మనిషి, మీరేమో ఈ గులకరాళ్ళ మీద పడుకుంటున్నారు. నాకు ముద్ద దిగడం లేదు. ఇళ్ళు మార్చుకుందాం."

"అబ్బే, నాకెందుకమ్మా..."

"నేలంతా ఒకటేనని మీరే అన్నారుగా. ఒకటే అయితే మీకు పోయేదేముంది?"

"అవును, పోయేదేముంది?" అన్నాడు సింహాద్రి. పుట్టాక వాడు ఒకరికి పనికొచ్చింది అదొక్కసారే.

పరాంకుశం గారు మా మొహాలు చూశారు. వద్దంటే ఇన్నేళ్ళ కొలతా అబద్ధమైపోతుంది. సరేనంటే పల్లానికి దిగాలి. ఎలుక గోళ్ళకు లొంగని ఐసు తన పంజాకైనా లొంగకపోతుందా అనుకున్నట్టున్నారు.

"సరే, మార్చుకుందాం," అన్నారు.

అందరం పల్లానికి దిగాం. సభ కాళ్ళు తడవడం అదే మొదటిసారి. పరాంకుశం గారు దర్జాగా పంజా ఎత్తి నాచు చీల్చారు. రెండు దెబ్బలకు టక్కుమంది. ఇంకోచోట తవ్వారు. టక్కుమంది. ఐదో గొయ్యికి పొట్ట దాకా నల్లబురద, ఒక గోరు విరిగింది. వాలు మీదికి వెళ్ళి తవ్వారు. మోచేయి దాకా దిగి కాలు ఆగిపోయింది.

అప్పుడు వీరన్న తాత నోరు తెరిచాడు. ఈసారి ఎవరం లేవలేదు.

"ఈ పల్లంలో నా గిట్ట ఎప్పుడూ అంతే దిగుతుంది," అన్నాడు. "ఊకలో పెట్టిన ఐసుగడ్డ కరుగుతుందా? నాచు కూడా ఊకలాంటిదే, ఎండను కిందికి పోనివ్వదు. మెట్ట మీద నాచు లేదు, నీరు నిలవదు. రాళ్ళ సందుల్లోంచి వేడి లోపలికి దిగుతుంది. వాలుది ఇంకో తీరు. పది అడుగులు వేస్తే ఇక్కడ నేల మారిపోతుంది."

"ముందే చెప్పొచ్చుగా తాతా!" అన్నాను.

"మొదలుపెట్టానమ్మా. మీరు లేచిపోయారు."

మంగతాయి పరాంకుశం గారి ఎదుటకు వెళ్ళింది. "మీకు తెలియదా మావయ్యా?"

"తెలుసు," అన్నారాయన. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని మాకు అప్పుడే తెలిసింది.

"తెలిసే పంపారా? పిల్లలు ఒళ్ళు చెయ్యాలన్నది అందుకేనా?"

ఆయన చెవులు వాల్చి బురద వంక చూశారు. ఎవరం ఆయన్ని ఒక్క మాటా అనలేదు. అనాలంటే ముందు ఒకరి మొహం ఒకరం చూసుకోవాలి. సభలో ఇచ్చిన మాట కనుక మెట్ట మీద ఇల్లు ఇక ఆయనది కాదు. పల్లంలో ఉండడమూ ఆయన వల్ల కాలేదు. విరిగిన గోరు పైకెత్తి పట్టుకుని, మూడు కాళ్ళ మీద, మేం చూడని వైపునుంచి వెళ్ళాలని చూశారు. చెట్టు లేని దేశంలో అలాంటి వైపు ఎక్కడుంటుంది? కనుచూపు ఆగేంతవరకూ కనబడుతూనే పోయారు.

వీరన్న తాత మోకాళ్ళ మీద కూర్చుని మెడ వంచాడు. ఆయన బొచ్చులో దాక్కుని పిల్లలు ఆరుగురూ మెట్ట ఎక్కారు. నక్క గుమ్మం నక్కకు పట్టేటంత వెడల్పు కనుక మంగతాయి దాని లోపల, రెండు రాళ్ళ మధ్య తన ఒంటికి సరిపడేంత సన్న దారి తవ్వింది. ఏ పంజా దూరదు. పొద్దు వాలేలోగా నక్క భుజమంత లోతుకు దిగిపోయింది.

"భేష్ మంగతాయీ! గోళ్ళకు బలం వచ్చిందే!" అన్నాడు సింహాద్రి.

"గోళ్ళు అవే బావా," అంది.

సింహాద్రి చెవులు రెండూ వాలిపోయాయి. నేను పిల్లల పడక కోసం నా రొమ్ము ఈకలు కొన్ని పీకి తెచ్చాను. గుమ్మంలో నిలబడ్డాను.

మంగతాయి ఈకలు అందుకుంది. "కూర్చో పిన్నీ," అంది మామూలుగా.

కూర్చోలేకపోయాను.

తన గుమ్మం ముందు కొలిచి లోకమంతటికీ లోతు చెప్పిన వాడిది మోసమైతే, కొలవకుండా తలూపి, నమ్మి తవ్విన దాని గోళ్ళను వెక్కిరించిన వాళ్ళకు ఆ సిగ్గులో సగం వాటా ఉంది.