గుల్లలపాడు తెల్లగోడమ్మ

సముద్రపు పాయ ఒడ్డున, ఉప్పుగాలికి ఏ చెట్టూ ఏపుగా ఎదగని చోట గుల్లలపాడు తెల్లగోడమ్మ వారి గుడి ఉన్నది. గోపురం లేదు, విగ్రహం లేదు. ఎండకూ వానకూ విడిచిన ఒక గోడకే ఇక్కడ పూజ. వేసవిలో వచ్చే భక్తులు వట్టి సున్నపు గోడను చూసి, ఇంత దూరం వచ్చింది దీనికా అని పూజారి మీద విసుక్కుంటారు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఈ కథ చెబుతాడు.

పూర్వం ఇక్కడ నాంచారయ్య అనే సున్నం కాల్చేవాడు ఉండేవాడు. పాయలో ఏరిన నత్తగుల్లలను బట్టీలో కాల్చి సున్నం చేసేవాడు. బొమ్మలు వేసే విద్య కూడా ఉన్నందున, పెళ్లిళ్లకు ఊరి గోడల మీద చిలకలనూ ఏనుగులనూ అతడే చిత్రించేవాడు. ఒక ఏడు ఊరికి మశూచి సోకింది. నాంచారయ్య, రత్తమ్మ దంపతుల ఒక్కగానొక్క కూతురు అంకాలు అందులో పోయింది. జబ్బు తగ్గుముఖం పట్టాక, అమ్మవారిని శాంతింపజేయడానికి గుడి గోడ మీద ఆమె రూపం వేయమని పెద్దలు నాంచారయ్యకే చెప్పారు. బిడ్డను తీసుకుపోయిన దేవత బొమ్మను ఆ తండ్రి చేతే వేయించడం ఎంత కఠినమో ఒక్కరికీ తట్టలేదు.

అతడు కాదనలేదు. పచ్చి సున్నపు పూత ఆరకముందే రంగులు వేశాడు. అలా వేసిన రంగు గోడలోకి ఇంకి, ఇక చెరగదు. అమ్మవారిని వేయాలనే మొదలుపెట్టాడు గానీ, చేతికి కూతురి ముఖమే వచ్చింది. బిడ్డకు మిగిలిన రూపం అదొక్కటే. దీపం పెట్టడానికి వచ్చిన రత్తమ్మ ఆ ముఖం చూసి, "అంకాలూ" అని పిలుస్తూ గోడ పక్కనే కూలబడింది. దాంతో ఊరంతటికీ తెలిసిపోయింది.

గ్రామపెద్ద సూరపరెడ్డి మండిపడి, గోడ పడగొట్టిస్తానన్నాడు. "అమ్మోరి గుళ్లో నీ కూతురికి దండం పెట్టమంటావట్రా?" అని నిలదీశాడు.

"పడగొట్టకండి బాబూ. సున్నం కొట్టి నేనే కప్పేస్తాను. ఇంకోళ్ల చెయ్యి దాని మొగం మీద పడనీకండి" అన్నాడు నాంచారయ్య.

వెల్లలో తుమ్మజిగురు కలిపితేనే అది వానకు నిలుస్తుంది. అతడు కలపలేదు. ఆ సంగతి భార్యకు మాత్రం చెప్పాడు. ఆ తరువాత బట్టీ వెలిగించలేదు. అన్నం సహించక చిక్కి శల్యమై, వానలు రాకముందే కన్నుమూశాడు. తన చేత్తో కప్పిన బిడ్డ ముఖాన్ని ఆ అభాగ్యుడు మళ్లీ చూడనేలేదు.

తొలివానకు వెల్ల కరిగి అంకాలు ముఖం బయటపడింది. ఈసారి సూరపరెడ్డే సున్నపు కుండ, జిగురు ముంత మనిషి చేత పట్టించుకుని వచ్చాడు. ఆయన మనవడూ ఆ మశూచిలోనే పోయాడు. రత్తమ్మ అడ్డుపడలేదు. "వేయండి బాబూ. జిగురు మాత్రం కలపొద్దు" అని బతిమాలింది. ఆయన చాలాసేపు ఆ ముఖం వంక చూసి, జిగురు ముంతను పాయలో పారబోయించాడు.

నేటికీ ఏటా ఫాల్గుణ మాసంలో జిగురు లేని సున్నంతోనే ఈ గోడను కప్పుతారు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులే ఆ పని చేస్తారు. తొలకరికి ముఖం కనబడగానే మళ్లీ వచ్చి, ఎవరి బిడ్డ పేరుతో వారు ఆమెను పిలుచుకుంటారు. పోయిన బిడ్డ తిరిగి వస్తుందని ఈ తల్లి ఎవరికీ వరమివ్వదు. ఇక్కడ తనివితీరా ఏడ్చి వెళ్లినవారికి ఆ రాత్రి నిద్ర పడుతుందని మాత్రం పెద్దలు చెబుతారు.