చిన్నాలమ్మ బుట్ట

పరదేశయ్య గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వెతుక్కుంటారు. జవాబు బయట ఎక్కడో ఉందన్నట్టు, చీకటి పడకముందే పోయి తెచ్చుకోవాలన్నట్టు. ఆ శుక్రవారం సాయంత్రం శిష్యురాలు వకుళ అడిగినప్పుడూ అంతే చేశారు.

ఊళ్ళో కష్టమొచ్చినవాళ్ళు ఆయన దగ్గరికొచ్చి ఒక మాట అడిగి పోతుంటారు. నిన్న వచ్చింది వరహాలు. మొగుడి దెబ్బలు పడలేక పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఇప్పుడు ఆ మొగుడే కబురు పెట్టాడు, వచ్చెయ్యమని. వెళ్ళాలా, వద్దా? పరదేశయ్య గారు వకుళ వైపు చెయ్యి చూపించి, "ఆ అమ్మాయి చెబుతుంది. రేపు సంత ముగిసే వేళకి రా" అన్నారు.

వకుళ దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. 'ఓర్చుకో, మనిషి మారతాడు, వెళ్ళు.' మొదటి రెండు మాటలూ గురువుగారివే. ఎప్పుడో అన్నదమ్ముల తగాదాలో ఎవరికో చెప్పినవి. చివరి మాట తను చేర్చుకున్నది. చేర్చాక వినడానికి బాగుంది కూడా. కానీ నిన్నటి నుంచీ ముద్ద గొంతు దిగడం లేదు. తను పెళ్ళి కానిది, ఒంటి మీద ఒక్క దెబ్బ పడనిది, ఇంకొకత్తెను ఆ ఇంటికి పంపబోతోంది.

"గురువుగారూ, ఈ భయం ఎప్పుడు పోతుందండీ?"

"సంచి తీసుకో" అన్నారాయన, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ. "వానలు పడ్డాయి. చిన్నాలమ్మ పుట్టగొడుగులు తెచ్చి ఉంటుంది."

పాత బస్టాండు వీధిలో వారానికొకసారి పొద్దువాలాక రైతులు సంత పెడతారు. అప్పటికే బ్యాటరీ బల్బులు వెలిగాయి. తడి గోంగూర కట్టలు, కాకరకాయల రాశులు, బురదలో గోనెపట్టాలు. అడవి పుట్టగొడుగులకు మాత్రం ఆ సంతలో ఒక కట్టుబాటు ఉంది. తెచ్చినవాళ్ళు ముందురోజు రాత్రి అదే బుట్టలోంచి వండుకు తినాలి. మర్నాడు తామే వచ్చి బుట్ట ముందు కూర్చోవాలి. మనిషి కళ్ళెదుట కనబడితేనే బేరం.

ఆ రోజు బుట్ట ఉంది, చిన్నాలమ్మ లేదు. ఆమె తోడికోడలు గంగులు కూర్చుని ఉంది.

"అక్కేదే?" అని అడిగారెవరో.

"ఎనకాల వత్తంది. కాల్లో ముల్లిరిగింది."

జనం ఒక అడుగు వెనక్కి వేశారు. టీకొట్టు సూరిబాబు నవ్వుతూ, "పోనీ నువ్వో ముక్క నవులు, చూద్దాం" అన్నాడు. గంగులూ నవ్వింది. చెయ్యి మాత్రం బుట్టలోకి పోలేదు. సూరిబాబు నవ్వు ఆగిపోయింది.

వకుళకు కొండకింద ఏదో గుడిసెలో చాప మీద చిన్నాలమ్మ నురగలు కక్కుతూ పడివున్నట్టు కళ్ళకు కట్టింది. ఎవరూ పైకి అనడం లేదు గానీ అందరి కళ్ళూ కొండదారి మీదే ఉన్నాయి. పరదేశయ్య గారు కాకరకాయల పట్టా పక్కన గొంతుక్కూర్చున్నారు.

కాసేపటికి చిన్నాలమ్మ మడమకు గుడ్డకట్టుతో కుంటుకుంటూ వచ్చింది.

"వచ్చావా తల్లీ! చంపేశావు కదే!" అంటూ జనం ఒక్కసారిగా బుట్ట మీద పడ్డారు. గంగులు టేకాకుల్లో పొట్లాలు కట్టి అందిస్తోంది. వకుళకూ ఒకటి దొరికింది. గుండె తేలికై, ఆ పొట్లాన్ని పసిబిడ్డలా పొదివి పట్టుకుంది.

చిన్నాలమ్మ కూర్చుని బుట్టలో చెయ్యి పెట్టింది. ఒకదాన్ని తీసి బల్బు కిందకు పట్టింది. "ఇదెక్కడిదే?"

"బుట్ట ఎలితిగా ఉంటేను... పొద్దున్న కోసినవి కలిపానక్కా. ఆ పుట్ట దగ్గరవే."

"నేను తిన్నానా ఇయ్యి? నువ్వు తిన్నావా?"

గంగులు కడుతున్న పొట్లం కింద పెట్టేసింది.

చిన్నాలమ్మ లేచింది. "ఇచ్చెయ్యండి. బాబ్బాబు, అందరూ ఇచ్చెయ్యండి."

సూరిబాబు తన పొట్లం వెనక్కి దాచుకున్నాడు. "నువ్వు రాయిలా ఉన్నావు కదే, ఇంకా ఏం భయం?"

"నేను బతికున్నది రాత్రి తిన్నవాటికయ్యా. వీటికి కాదు."

అతని చేతిలోంచి లాగేసుకుంది. వకుళ తనే ఇచ్చేసింది. ఒక పొట్లం మాత్రం అప్పటికే ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. అది తెలియగానే చిన్నాలమ్మ పరుగెత్తింది, ఆ ముల్లు దిగిన కాలితోనే, ఉల్లిపాయల రాశులు చిందరవందర చేస్తూ, "ఆపండి, ఆపండి" అని అరుస్తూ. అంత పెద్ద మనిషి అలా అరవడం వకుళ ఎప్పుడూ వినలేదు. వీధి మలుపులో ఆటో ఆగింది. పొట్లం తిరిగొచ్చింది. చిన్నాలమ్మ అన్నిటినీ, మంచివో చెడ్డవో ఎంచకుండా, మురిక్కాలవలో గుమ్మరించి కాలితో తొక్కింది. కట్టు ఊడి మడమ నుంచి నెత్తురు కారుతోంది. అవి నిజంగా విషమో కాదో ఎవరికీ తెలియలేదు. ఇక తెలియదు కూడా.

ఖాళీ సంచితో ఇద్దరూ వెనక్కి నడిచారు. ఇంటి మెట్ల మీద వరహాలు కూర్చుని ఉంది. ఒళ్ళో బట్టల మూట. వెళ్ళమంటే ఇటునుంచి ఇటే బస్సెక్కేలా వచ్చింది.

వకుళ కాళ్ళు వీధిలోనే ఆగిపోయాయి. సిద్ధం చేసుకున్న జవాబు నాలుక మీదే ఉంది. గురువుగారివి రెండు మాటలు, తను కలిపింది ఒకటి.

"గురువుగారూ" అంది. "ఏం చెప్పనండీ?"

పరదేశయ్య గారు మెట్టు దగ్గర చెప్పులు విడిచారు.

"భయం ఎప్పుడు పోతుందని కదూ అడిగావు. చిన్నాలమ్మకి ఇన్నేళ్ళయినా పోలేదమ్మా. అందుకే నేను ఆవిడ దగ్గర కొంటాను."