త్రిమూర్తులు పగడానికి పెట్టిన లైటు

"పగడమ్మ పుట్టిల్లు నీటడుగునంట,
ఎండమ్మ మేనత్త చూడొచ్చెనంట..."

ఆ మేనత్త ఏం తెచ్చిందో తర్వాతి చరణంలో ఉండేది. చిన్నప్పుడు పాడుకున్న పాట, ఎంత తలుచుకున్నా ఆ ముక్క గుర్తు రావడం లేదు. పగడమంటే అప్పట్లో ఉంగరంలో రాయి అనుకునేదాన్ని. అది ప్రాణమున్న జీవి అనీ, దానికీ వెలుగు కావాలనీ, ఎక్కువైతే తట్టుకోలేదనీ డెబ్బై దాటాక తెలిసింది. ఎలా తెలిసిందో చెబుతాను.

రాజమండ్రి దానవాయిపేటలో, మా కింది వాటాలో, ఏ పని మీదా పది నిమిషాలు కుదురుగా నిలవలేని త్రిమూర్తులు అనే ఫోటోగ్రాఫరు ఉండేవాడు. కాఫీ తాగుతూ లేచి ఫ్యాను స్పీడు మార్చేవాడు. కుర్చీ కిటికీ దగ్గరికి జరిపేవాడు, కూర్చోకుండానే మళ్ళీ పాత చోటికి లాగేవాడు.

"నేను పొయ్యి మీద పెట్టిన పాలకి కూడా ఈయనే మూడుసార్లు మంట మారుస్తారు మామ్మగారూ," అనేది అతని భార్య హైమ.

ఆ ఏడాది అతనికి సముద్రపు అక్వేరియం మీద మనసు పడింది. రెండున్నర అడుగుల గాజుతొట్టె కొన్నాడు. ఫిల్టరు నీళ్ళలో ప్యాకెట్ల ఉప్పు కలిపాడు. "నాలుగు వీధులవతల గోదావరి పారుతుంటే మా ఇంట్లో సముద్రం కలుపుతున్నారు," అని హైమ నవ్వింది.

అతనికి ఈ సరదా అంటించింది సూర్యప్రకాశం మాస్టారు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. తొమ్మిదేళ్ళపాటు ఇంట్లో పగడాలు పెంచారు. కిందటి తుఫానుకి రెండు రోజులు కరెంటు లేక అన్నీ చచ్చిపోయాయి. అరచేయంత మెత్తటి పగడం ఒక్కటే మిగిలింది. మోకాలి ఆపరేషనుకి భిలాయిలో ఉన్న కూతురి దగ్గరికి వెళుతూ, ఆ ఒక్కదాన్నీ బకెట్లో పెట్టుకుని త్రిమూర్తులు దగ్గరికి తెచ్చారు.

"నాలుగు నెలలు చూసుకో. ఇది కూడా పోతే మళ్ళీ మొదలుపెట్టడానికి నా దగ్గర ముక్క లేదోయ్," అన్నారు.

"మీకెందుకు, నాది పూచీ. లైటు ఒక్కటే భయంగా ఉంది మాస్టారూ. షాపువాడు చూపించిన దానికి నా కెమెరా అమ్ముకోవాలి."

"ఎవడు కొనమన్నాడు? అంత లైటు గట్టి పగడాలకి కావాలి. ఇది మెత్తటి జాతి, చిన్న లైటు చాలు. నీలం ఎక్కువ, తెలుపు తక్కువ ఉన్నది చూసి తెచ్చుకో."

మరిచిపోతాడని కాగితం మీద రాసి, తొట్టె పక్క గోడకి అంటించి వెళ్ళారు. త్రిమూర్తులు ఆ సాయంత్రమే చిన్న లైటు తెచ్చాడు. మాస్టారు చెప్పినట్టే దోమతెర గుడ్డ మూడు మడతలు పెట్టి, లైటుకీ నీళ్ళకీ మధ్య పరిచాడు. కొత్త చోట పగడం నెమ్మదిగా అలవాటు పడాలట. నీలి వెలుగులో అది చిన్న చిన్న వేళ్ళు చాచి ఊగుతుంటే నేను నోరు తెరుచుకుని చూశాను.

మర్నాటికి వేళ్ళు ముడుచుకుంది. కొత్తింటికి వచ్చిన కోడలిలా నాలుగు రోజులు అలాగే ఉంటుందని మాస్టారు ముందే చెప్పారు. మన త్రిమూర్తులు నాలుగు రోజులు ఆగగలడా? మూడో రోజుకే రెండు మడతలు తీసేశాడు. ఆదివారం అతని బామ్మర్ది గణపతి వచ్చాడు.

"ఏంటి బావా, ఇంట్లో బారు తెరిచావా, నీలం లైటేశావు?"

అంతే, తెలుపు పెంచాడు. మర్నాడు మూడో మడత కూడా తీసేశాడు. లైటు కిందికి దించాడు. రోజుకు ఎనిమిది గంటలు వెలగాల్సినది పన్నెండు గంటలు వెలిగించాడు. అది ఇంకా ముడుచుకుంటే, వెలుగు చాలడం లేదనుకున్నాడు. ఫోటో తీసేవాడికి చీకటిగా కనిపిస్తే ఇంకో లైటు వెయ్యడమే తెలుసు. చివరికి పెళ్ళిళ్ళకి వాడే పెద్ద లైటు స్టాండుతో సహా తెచ్చి తొట్టె మీదికి వంచాడు.

"ఎలా ఉంది మామ్మగారూ ఇప్పుడు? పైసా ఖర్చు లేదు."

"నాకే కళ్ళు మూతలు పడుతున్నాయి నాయనా. దానికి మూసుకోడానికి కళ్ళు కూడా లేవు కదా," అన్నాను.

అతను నవ్వేసి షూటింగుకి వెళ్ళిపోయాడు. నాకు కాలు నిలవలేదు. రోజుకి మూడుసార్లు మెట్లు దిగి వచ్చి చూసేదాన్ని. గోధుమరంగులో ఉండే పగడం పాలిపోయింది. వారం తిరిగేసరికి సగం సున్నంలా తెల్లబడింది, ఒక అంచు కరిగి ఊడిపోయింది.

నాకు అక్షరాలు వచ్చింది యాభై రెండో ఏట. కాగితం కనబడితే ఆఖరి అక్షరం దాకా చదవందే వదలను. తెలిసే చేస్తున్నాడనుకుని అన్నాళ్ళూ ఊరుకున్నాను గానీ, ఆ రోజు అతను ఇంకో బల్బు పట్టుకుని రాగానే, గోడ మీది కాగితం పైకి చదివాను.

"చిన్న లైటు చాలు. నీలం ఎక్కువ. జానెడు ఎత్తు. రోజుకు ఎనిమిది గంటలు. పది రోజులకొక మడత తియ్యి. పాలిపోతే వెలుగు తగ్గించు, పెంచకు. మూడు నెలలు మరేదీ మార్చకు."

"అది నేను చదివాను మామ్మగారూ."

"రెండో వాక్యం దాకా చదివారు," అంది హైమ. "తర్వాత ఫ్యాను స్పీడు మార్చడానికి లేచారు."

అతను దగ్గరికి వచ్చి కాగితం మొత్తం చదివాడు. బల్బు చేతిలోనే ఉంది. మొహం వాడిపోయింది. అక్కడే నిలబడి మాస్టారికి ఫోను చేశాడు.

"మాస్టారూ, సగం పోయింది. నా వల్లే."

"ఎన్నిసార్లు మార్చావు?" అని అవతలి నుంచి వినిపించింది.

"ఎనిమిదిసార్లు."

"తొమ్మిదోసారి మార్చు. మొదట ఎలా పెట్టమన్నానో అలా పెట్టు. ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చో. నీకు అదే కష్టం, నాకు తెలుసు."

కష్టమే అయింది. అతను తొట్టె ముందు అటూ ఇటూ తిరిగేవాడు. చెయ్యి స్విచ్చు దాకా వెళ్ళేది, హైమ దగ్గితే వెనక్కి వచ్చేది. "పాపం, ఆయన్ని కూడా దోమతెర కింద పెట్టాలి," అనేది ఆమె. నెల రోజులు ఏ మార్పూ కనబడలేదు. ఊరక ఉండలేక, రోజూ పొద్దున్న ఒకే చోట నిలబడి ఒక ఫోటో తీసేవాడు. నలభయ్యో రోజున మొదటి ఫోటో, ఆనాటి ఫోటో పక్కపక్కన పెట్టి నాకు చూపించాడు. తెల్లటి చోట సన్నగా గోధుమరంగు తిరిగి వచ్చింది.

మాస్టారు కర్ర పట్టుకుని వచ్చేసరికి అరచేయంత పగడం, తెల్లబడ్డ చోట్ల చాలావరకు ఊడిపోయి, బొటనవేలంత మిగిలింది. దాన్ని బకెట్లో పెట్టుకుని తీసుకెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేదని త్రిమూర్తులు ఆ పూట అన్నం తినలేదు. ఖాళీ తొట్టెలో ఉప్పునీళ్ళు మాత్రం మారుస్తూ ఉండేవాడు.

ఏడాది తర్వాత మాస్టారు మళ్ళీ వచ్చారు. గ్లాసులో గోరంత ముక్క ఉంది. "పిలక వేసింది. నీ దగ్గర ఉంచు," అన్నారు. త్రిమూర్తులు రెండు చేతులతో అందుకున్నాడు.

మూడో రోజున అతనికి తునిలో పెళ్ళి పని పడింది. ముక్క ముడుచుకునే ఉంది. కెమెరా సంచీ భుజాన వేసుకుని, లైటు వైపు వెళ్ళకుండా తిన్నగా గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

"రెండు రోజులు చూస్తూ ఉండండి మామ్మగారూ, ఏమీ చెయ్యకండి. ప్రాణమున్నదానికి ఎక్కువ ఇస్తే పెరగదు. సరిపడినంత ఇచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుని ఓపిక పట్టాలి."