గిట్టలు గోడకు తగిలేదాకా

పోయినసారి పోటీల్లో చిత్తడి అడవి జట్టు గెలవాల్సిన ఫైనల్‌ను చేజార్చుకుంది. నీటికుక్క గవర్రాజు తన వంతు రాకముందే దూకేశాడు.

కారణం అడిగితే, “సూరమ్మక్క కేకేసింది, దూకాను” అన్నాడు. జట్టుకు ఈత నేర్పే బాతు సూరమ్మేమో తాను అరవనే లేదంది. ఎవరూ నమ్మలేదు. ఆవిడ నోరు ఊరుకోదని ఏడు అడవులకూ తెలుసు. ముందువాడు గోడను ముట్టగానే ఆవిడ “బాక్!” అనడం, తర్వాతివాడు దూకడం ఆ జట్టుకు అలవాటు.

ఇప్పుడు మళ్ళీ ఏడు అడవుల పోటీలు. మళ్ళీ మగవాళ్ళ మెడ్లీ రిలే ఫైనల్. నలుగురు, నాలుగు రకాల ఈతలు. “గవర్రాజు ఇంకోసారి తొందరపడితే ఇక జన్మలో పోటీకి రానివ్వను” అని న్యాయనిర్ణేత కొంగ తేల్చి చెప్పింది.

పోటీకి ముందు మడ అడవి జట్టును నడిపే నక్క కామేశం సూరమ్మను పలకరించాడు.

“ఏం వదినా, గొంతు బాగుందా?”

“నా గొంతుతో నీకేం పనయ్యా?”

“భలేదానివే! నీ కేక లేకపోతే మీవాడు దూకే దిమ్మ దిగడుగా. వినీ వినీ నాకూ వచ్చేసింది” అని నవ్వుకుంటూ పోయాడు.

సూరమ్మ రెక్కలు బిగుసుకున్నాయి. వచ్చేసిందా!

గవర్రాజును పక్కకు లాగింది. “ఇవాళ నేను అరవను. నోట్లో తామరకాడ పెట్టుకుంటా. ‘బాక్’ అని వినబడితే అది నేను కాదు. నీ ముందు ఈదే దున్న రెండు గిట్టలూ గోడకు తగలడం నీ కళ్ళతో చూసి దూకు.”

“అరవకుండా ఉండగలవా అక్కా?”

“అది నా బాధ. నీ పని నువ్వు చూసుకో.”

పోటీ మొదలైంది. “వెల్లకిలా పడ్డ తాబేలు ఎక్కడికి పోతుందిరా!” అని గట్టు మీద ఎవరో ఎగతాళి చేశారు. తాబేలు వెల్లకిలానే పోయి గోడను ముట్టాడు. కప్ప వెనకబడకుండా లాక్కొచ్చాడు. దున్న ముందుకాళ్ళు రెండూ ఒక్కసారే ఎత్తి వేస్తుంటే సగం కొలను గట్టెక్కింది. పక్క వరసలో మడ అడవి ఎలుగుబంటి సరిసమానంగా వస్తున్నాడు. దిమ్మల మీద గవర్రాజు, అతని పక్కన మడ అడవి మొసలి.

దున్న గోడకు ఇంకా బారెడు దూరంలో ఉన్నాడు.

“బాక్!”

అచ్చం సూరమ్మ గొంతు. తుమ్మపొద వెనకనుంచి.

గవర్రాజు ఒళ్ళు ముందుకు ఊగింది. “ఆగరా!” అన్న మాట సూరమ్మ గొంతు దాకా వచ్చింది. ఇప్పుడు అరిస్తే ఆ కేకకే దూకేస్తాడు. తామరకాడను కసిగా కొరికింది. గవర్రాజు గోళ్ళు దిమ్మను గీరాయి. నిలదొక్కుకున్నాడు.

రెండు గిట్టలూ ఠప్పున గోడకు తగిలాయి. అప్పుడు దూకాడు.

మొసలి తీరిగ్గా దిగాడు. ముందు పోతున్న గవర్రాజును చూసి నవ్వుకుని, పెళ్ళికి వెళ్తున్నట్టు ఈదాడు. మొసలి సగం దూరంలో ఉండగానే గవర్రాజు గోడను ముట్టాడు, కొంగ చిత్తడి అడవి జెండా ఎత్తేసింది.

కామేశం పొదలోంచి పరిగెత్తుకొచ్చాడు. “ఒరేయ్, ఈదావా, నిద్రపోయావా?”

“నువ్వేగా చెప్పావు గురూ! నేను ‘బాక్’ అంటే వాడు పోయినసారిలాగే ముందే దూకి అవుటైపోతాడు, నువ్వు నింపాదిగా రా అని!” మొసలి గొంతు కొలనంతా వినబడింది.

కొంగ మెడ మెల్లిగా నక్క వైపు తిరిగింది. “కామేశం, ఆ కేక ఇంకోసారి వెయ్యి, విందాం.”

కామేశం తోక ముడిచి పొద వైపు జారుకున్నాడు.

సూరమ్మ తామరకాడ ఉమ్మేసింది. “కేక విని దూకేవాడు ఎవరి కేకకైనా దూకుతాడు. గోడను చూసి దూకండి” అని తన జట్టుతో చెప్పింది.

ఈత నేర్పేటప్పుడు ఎంత అరిచినా, పోటీలో మాత్రం ఇక నోరు విప్పకూడదని ఆవేళే అనుకుంది. ఆ తర్వాత ఏ పోటీలోనూ విప్పలేదు.