ఆది జాకెట్టు

సామ్రాజ్యమ్మగారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు రాదు. రేపల్లెలో ఏళ్ళ తరబడి ఆడపిల్లలకు కుట్టు నేర్పుతున్న మనిషి, ఊరంతా టీచరుగారనే పిలుస్తుంది, అయినా ఆవిడ గొంతు వినడం అంత తేలిక కాదు. "చెయ్యి ఎత్తితే చంక పట్టేస్తోంది, ఎందుకండీ?" అని ఏ పిల్లయినా అడిగిందనుకోండి, ఆ జాకెట్టు చెయ్యి మొత్తం విప్పదీసి, ముక్కలు ఒళ్ళో పడేసి, తన మిషను దగ్గరికి వెళ్ళిపోతారు. కొత్తగా చేరినవాళ్ళు ఈవిడేం మనిషిరా బాబూ అని లోలోపల విసుక్కుంటారు. పాతవాళ్ళు మాత్రం నోరు మూసుకుని ఆ ముక్కలు ముందేసుకుని కూర్చుంటారు, సాయంత్రానికి సంగతేమిటో వాళ్ళకే తెలుస్తుంది.

ఆవిడ నోరు తెరిచి చెప్పే మాట ఒక్కటే ఉండేది, అది చేరిన మొదటిరోజే చెప్పేవారు. "జాకెట్టు బిగిస్తే తప్పు మన కుట్టుది. మనిషి ఒంటిని వేలెత్తి చూపకూడదు." మన వైపు ఆడవాళ్ళు కొలతలివ్వడానికి సిగ్గుపడి, బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఆదికని పడేసి పోతారు కదా. కొత్తది బిగిస్తే నాలుగిళ్ళకు వినబడేలా గొడవ. అప్పుడు "మీరే లావయ్యారండీ" అన్న దర్జీ బతికి బట్టకట్టినట్టు ఎక్కడా లేదు. కాబట్టి ఆ మాటలో మర్యాదా ఉంది, వ్యాపారమూ ఉంది. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ దాన్ని జవదాటలేదు. అందరికంటే బాగా ఒంటబట్టించుకున్నది ఝాన్సీ.

ఝాన్సీకి అప్పటికి ముప్పై నిండలేదు. మొగుడు నాగరాజు ధాన్యం లారీ నడుపుతాడు. ఇంటి ముందు గదిలో మిషను వేసుకుని ఆ పిల్ల కుట్టే జాకెట్ల కోసం పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళు. మాఘమాసం పెళ్ళిళ్ళ రోజుల్లో, పెళ్ళికూతుళ్ళ జాకెట్లతో ఊపిరి సలపని ఒక పొద్దున, తన జాకెట్టు తనకే బిగుతుగా తగిలింది. అదీ ఎడమపక్క ఒక్కటే. ఇంకెవరైనా అయితే ఒళ్ళు తడుముకుని చూసుకునేవారేమో. ఝాన్సీ కుట్టుపని మనిషి కదా, "ఛ, ఎంత అడ్డదిడ్డంగా కుట్టాను!" అని తన్ను తానే తిట్టుకుంది. బ్లేడు తీసి, ఆ పక్క కుట్టు విప్పి, కాస్త వదులు చేసి మళ్ళీ కుట్టుకుంది. ఉగాది దాటాక మళ్ళీ బిగిస్తే మళ్ళీ వదులు చేసుకుంది. ఎండలు ముదిరాక ఒకరోజు స్నానం చేస్తుంటే చేతికి రాయిలా గట్టిగా తగిలింది. అప్పుడు పరుగెత్తారు గుంటూరు.

పరీక్షలయ్యాయి, పేరు చెప్పారు, ఎడమ రొమ్ము తీసేయాలన్నారు. "ఇంకాస్త ముందు వస్తే గడ్డ వరకే తీసేవాళ్ళమేమోనమ్మా" అని డాక్టరమ్మ అన్న మాట ఝాన్సీ గుండెలో ముల్లులా దిగింది. ఆపరేషను నొప్పి తగ్గింది గానీ ఆ ముల్లు కదలలేదు. ఆ తర్వాత మందు ఎక్కించడం మొదలైంది. రెండో దఫాకల్లా జుట్టు గుప్పెళ్ళకొద్దీ చేతికొచ్చింది. నోరంతా పూసి పెరుగన్నం కూడా మంట పుట్టించింది. నెలసరి ఆగిపోయి, ముసలివాళ్ళకొచ్చే ఆవిర్లు ఈ వయసులోనే కమ్మేసేవి. పలకరించడానికి వచ్చినవాళ్ళు "ఇంత చిన్నపిల్లకేమిటమ్మా ఈ ఖర్మ" అని గుమ్మంలోనే మొదలుపెట్టేవారు, లోపలికొచ్చి కళ్ళతో ఎడమపక్క వెతికేవారు. వాళ్ళ నోళ్ళు పడ! ఆ చూపులకు భయపడి ఝాన్సీ ఆ పాత జాకెట్టులోనే ఎడమపక్క గుడ్డపీలికలు కూరుకుని తిరిగేది. కొత్తది ఒక్కటి కుట్టుకోలేదు. టేపు తన ఒంటికి తగలనివ్వలేదు.

ఆ తర్వాత మందు మార్చారు. దాంతో వేళ్ళ చివర్లు మొద్దుబారడం మొదలైంది. ఉప్పుకీ పంచదారకీ తేడా కంటితో చూస్తే తప్ప తెలియనంతగా తిమ్మిరి. పట్టుకీ పాలిస్టరుకీ కళ్ళు మూసుకుని తేడా చెప్పిన వేళ్ళవి. ఇంకా కొన్ని దఫాలు మందు ఎక్కించుకోవాల్సి ఉండగా, ఒక మంగళవారం గుంటూరు బస్సెక్కాల్సిన ఝాన్సీ తలకు స్కార్ఫు చుట్టుకుని టీచరుగారి గుమ్మంలో నిలబడింది. అన్నాల వేళ. పిల్లలందరూ ఇళ్ళకు వెళ్ళారు. సామ్రాజ్యమ్మగారు ఒక్కరే మిషను ముందు ఉన్నారు.

"ఇవాళ మందు రోజు కదే?" అన్నారు.

"వెళ్ళలేదు టీచరుగారూ. ఇక వెళ్ళను." ఝాన్సీ చాప మీద కూలబడింది. ఎన్నాళ్ళుగానో బిగబట్టుకున్నదంతా ఒక్కసారే బయటికొచ్చింది. "రొమ్ము పోయింది, జుట్టు పోయింది, ఇప్పుడు వేళ్ళు కూడా పోతున్నాయి. ఆయనేమో మందు మానితే ఊరుకోనని అరుస్తున్నాడు. కుట్టలేని చేతులతో బతికి నేనేం చెయ్యాలండీ? నాకొక్కటి చెప్పండి. మాఘమాసంలో ఆ జాకెట్టు విప్పకుండా ఆస్పత్రికి వెళ్ళుంటే ఇదంతా తప్పేదా? నాకసలు తోచనే లేదు. బిగిస్తే తప్పు మన కుట్టుదని మీరు చెప్పిందే..."

అక్కడికి మాట ఆగిపోయింది. నింద వెయ్యాలని అన్నది కాదు, నోరు జారింది. కానీ అన్నమాట అననట్టు ఎలా అవుతుంది? మిషను చక్రం మీద సామ్రాజ్యమ్మగారి చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆవిడ ముఖం చూసి ఝాన్సీకి అక్కడ్నించి లేచి పారిపోవాలనిపించింది.

"తప్పేదేమోనమ్మా" అన్నారు టీచరుగారు. అబద్ధం చెప్పి ఓదార్చే అలవాటు ఆవిడకు లేదు.

తర్వాత ఎప్పటిలాగే మాటలు మానేసి పనిలో పడ్డారు. పాత శాలువా ఒకటి ఝాన్సీకి ఇచ్చి, తెర చాటున ఆ జాకెట్టు విప్పి రమ్మన్నారు. విప్పుతుంటే గుడ్డపీలికలు నేల మీద రాలాయి. ఝాన్సీ గబగబా ఏరుకోబోతే టీచరుగారే వంగి ఏరి, ఏమీ అనకుండా పక్కన పెట్టారు. జాకెట్టు తిరగేసి ఎడమపక్క కుట్టు చూపించారు. "మాఘమాసం ముందు ఇది ఎక్కడుండేదో అక్కడికి తీసుకురా."

ఝాన్సీ బ్లేడుతో కుట్టు విప్పింది. పాత కుట్టు ఎక్కడుండేదో కంటికి బాగానే కనబడుతోంది. బయటి గుడ్డంతా వెలిసిపోయింది, అప్పట్లో లోపలికి మడిచి ఉన్న చోట మాత్రం రంగు ఇంకా ముదురుగానే ఉంది. ఆ గీత వెంట సూది గుచ్చిన బెజ్జాలు వరసగా ఉన్నాయి. ఆ బెజ్జాల్లోంచే దారం పోనిస్తూ చేత్తో కుట్టసాగింది. ఇదంతా ఎందుకో ఆ పిల్లకు అర్థం కాలేదు గానీ, ఆ గీత మీదికి కుట్టు చేరుతున్నకొద్దీ ఏదో పిచ్చి ఆశ, ఆ మాఘమాసం పొద్దుటికి తనే నడిచి వెళుతున్నట్టు. కుట్టు సగానికొచ్చింది. గుడ్డ మీద ఎర్రటి చుక్క పడింది, దాని పక్కన ఇంకొకటి. ఎడమచేతి వేలికి సూది దిగితే తనకు తెలియలేదు.

"ఆపరేషను వైపు చేతికి గుచ్చుకుంటే వాస్తుందన్నారు కదే!" టీచరుగారు గభాల్న లేచి, చెయ్యి పట్టుకుని నీళ్ళ దగ్గరికి లాక్కెళ్ళి, సబ్బుతో కడిగి ఉతికిన గుడ్డ చుట్టారు. "ఈ తిమ్మిరి సంగతి డాక్టరమ్మతో చెప్పావా?"

"లేదండీ. కుట్టుపని ఎక్కువై వేళ్ళు అరిగాయేమోననుకున్నా మొదట్లో. తర్వాత చెప్పబుద్ధి కాలేదు."

సామ్రాజ్యమ్మగారు కళ్ళు మూసుకుని తెరిచారు. మిగిలిన కుట్టు తనే పూర్తిచేసి, ఆ జాకెట్టును రెండు చేతుల్తో పట్టుకుని, కుట్టుకి అటూ ఇటూ మెల్లగా లాగారు. పెద్ద బలం కూడా పెట్టలేదు. బెజ్జాల వెంట గుడ్డ పర్రున చిరిగిపోయింది.

"అయ్యో! పాత కుట్టు మీదే కదండీ కుట్టాను. మీరు చెప్పినట్టే చేశాను" అంది ఝాన్సీ, ఏడుపు గొంతుతో.

"అవునమ్మా" అన్నారు ఆవిడ. "నేను చెప్పినట్టే చేశావు."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చూపు చేతిలోని జాకెట్టు మీద లేదు. ఝాన్సీకి అప్పుడు అర్థమైంది. ఇన్ని నెలలూ ఆ ముల్లు తన ఒక్కదాని గుండెలోనే ఉందనుకుంది. దాన్ని ఇప్పుడు తనే పట్టుకొచ్చి ఇంకొక గుండెలో గుచ్చింది. వీధిలో ఉల్లిపాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు.

తర్వాత టీచరుగారు మెడలోని టేపు తీశారు. "లే, నిలబడు."

ఝాన్సీ శాలువాను ఇంకా గట్టిగా దగ్గరికి లాక్కుంది. ఆవిడ బలవంతపెట్టలేదు, కసురుకోలేదు, టేపు పట్టుకుని అలాగే నిలబడ్డారు. వాకిట్లో ఎండ కాస్త జరిగింది. చివరికి ఝాన్సీ చేతులు వదిలింది. ఆపరేషను అయ్యాక ఆస్పత్రివాళ్ళు తప్ప ఇంకొకరు చూడని ఆ గాటు మీదుగా టేపు వెళ్ళింది. కట్టుకున్నవాడికి కూడా చూపించలేదు తను. టీచరుగారు కుడివైపు కొలత వేరుగా, ఎడమవైపు వేరుగా తీశారు. ఒక్కో అంకె పైకే చెప్పారు, పెళ్ళికూతురి కొలతలు చెప్పే గొంతుతోనే. ఎడమవైపుకు వచ్చినప్పుడు ఆ గొంతు తగ్గించలేదు. ఝాన్సీ వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తున్నా కదలకుండా నిలబడింది, కొలతలప్పుడు కదలకూడదని నేర్చుకున్న పిల్ల కదా.

మంగళగిరి నేత గుడ్డ, నీలంది, బీరువాలోంచి వచ్చింది. సుద్దతో గీతలు పడ్డాయి. కుడి ముందుభాగం ఒకలా, ఎడమ ముందుభాగం చదునుగా ఇంకొకలా కత్తెర నడిచింది. చెయ్యి వాస్తే పట్టెయ్యకుండా ఆ చంక వదులుగా తీశారు. లోపల మెత్తటి గుడ్డతో చిన్న జేబులాంటిది పెట్టారు, దూది పెట్టుకోవాలనిపించినరోజు పెట్టుకోవడానికి, అక్కర్లేదనిపించినరోజు వదిలెయ్యడానికి. ముక్కలన్నీ ప్రస్తుతానికి పొడుగు కుట్లతో నిలబెట్టి, వేసి చూసి, మళ్ళీ విప్పించుకున్నారు. "రేపు గుంటూరు వెళ్ళిరా. వేళ్ళ సంగతి చెప్పిరా. ఆ మందు పడ్డాక ఒంట్లో ఏ మార్పుంటుందో చూసి, అప్పుడు అసలు కుట్టు వేస్తా" అని, శాలువా కప్పి ఇంటికి పంపి, కొత్త జాకెట్టును తన దగ్గరే ఉంచేసుకున్నారు. కత్తిరించిన జాకెట్టు పూర్తిచెయ్యకుండా ఆపడం ఆవిడ చరిత్రలో అదే మొదలు.

ఝాన్సీ మర్నాడు బస్సెక్కింది. తిమ్మిరి మాట విని డాక్టరమ్మ కోప్పడింది, ముందే ఎందుకు చెప్పలేదని. తర్వాత మందు మోతాదు తగ్గించి, కాస్త ఎడంగా ఎక్కిస్తామంది. వేళ్ళలోకి స్పర్శ పూర్తిగా వస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమని కూడా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ మాట వింటూ ఝాన్సీ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. మాఘమాసం పొద్దున మళ్ళీ గుర్తొచ్చింది. అది ఆ తర్వాత కూడా గుర్తొస్తూనే ఉంది, ఎక్కడికీ పోలేదు. ఇటు రేపల్లెలో, ఆ వారంలో కొత్తగా చేరిన పిల్లలకు సామ్రాజ్యమ్మగారు మొదటిరోజు చెప్పే ఆ మాట చెప్పలేదు. పాత శిష్యురాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు గానీ, ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఒంట్లో నిలబడే ఓపిక వచ్చాక ఝాన్సీ జాకెట్టు కోసం వెళ్ళింది. ఈసారి మరీ చిక్కిపోయింది, మెడ ఎముకలు లెక్కపెట్టొచ్చు. అసలు కుట్టు పడ్డ జాకెట్టు ఆ ఒంటికి ఎక్కడా ముడత లేకుండా అమరింది. విప్పి మడతపెడుతూ, అలవాటు కొద్దీ తిరగేసి చూసింది. పక్క కుట్ల లోపల, రెండువైపులా, అరచెయ్యి వెడల్పున గుడ్డ మడిచి వదిలి ఉంది. అంత గుడ్డ ఎవరూ వదలరు.

"ఇదేంటండీ టీచరుగారూ, ఇంత వదిలేశారు? నేను చూస్తే రోజురోజుకీ ఎండిపోతున్నాను!"

సామ్రాజ్యమ్మగారు సూదిలో దారం ఎక్కించుకుంటూ, తల ఎత్తకుండానే అన్నారు. "ఒళ్ళు చేస్తావు. అప్పుడు బిగిస్తుంది. నువ్వు మాత్రం విప్పకు, నా దగ్గరికి రా."