బురదకాళ్ళ రాకుమారుడు

ఎప్పటి సంగతో చెప్పలేను గానీ, మేఘవాడను ఏలే ఒక రాజుగారికి ముగ్గురు కొడుకులు. మూడు కొండల అవతల గండకుడనే మాంత్రికుడు హేమలేఖ అనే రాకుమారిని చెరపట్టాడని విని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. రాణిగారు అన్నం ముట్టడం మానేసింది. అన్నయ్యలను తీసుకొస్తానని తల్లికి మాటిచ్చి, చిన్నవాడు మకరందుడు తెల్లవారుతూనే బయలుదేరాడు.

దారిలో వాన పట్టుకుంది, వానంటే అలాంటి ఇలాంటి వాన కాదు. మొదటి కొండ మీద గుర్రం మొండికేసింది, దాన్ని వెనక్కి పంపేశాడు. రెండో కొండ మీద బురద చెప్పులు లాగేసుకుంది, పోనీలే అనుకున్నాడు. మనవాడిది నింపాది మనసు. జారిపడితే నవ్వుకుని లేచేవాడు, నానిన అటుకులు బెల్లంతో నములుతూ మళ్ళీ నడిచేవాడు. మేడలో పెరిగినవాడికి వానలో ఇంతసేపు తడవడం అదే మొదలు, ప్రాణానికి ఎంతో హాయిగా ఉంది.

మూడో కొండ మీద ఒక ముసలి గేదె పొట్టదాకా బురదలో దిగబడి ఉంది. మకరందుడు కొమ్మలు విరిచి దాని కాళ్ళ కింద పరిచి, భుజం ఆనించి నెట్టి నెట్టి ఒడ్డుకు చేర్చాడు. గేదె ఒళ్ళు దులుపుకుని నోరు విప్పింది.

"నాయనా, నేను గండకుడి ఇంట పాడి ఇచ్చినదాన్ని. వాడి ప్రాణం గడప ముందున్న ముగ్గులో ఉంది. అది నీళ్ళకు చెరగదు, చేతికి చెరగదు, ఈ కొండల బురద అంటితేనే చెరుగుతుంది. కాళ్ళు కడుక్కుని వెళ్ళినవాళ్ళంతా రాళ్ళైపోయారు. నువ్వు మాత్రం కడగకు."

పొద్దు వాలుతుండగా మాంత్రికుడి ఇల్లు కనిపించింది. చూరు కింద తెల్లగా ముగ్గు, దానికి చెరోపక్క రాళ్ళై నిలబడ్డ అన్నలు. మకరందుడికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

గండకుడు నవ్వుతూ చెంబుతో చన్నీళ్ళు తెచ్చి, కాళ్ళు కడుక్కోమన్నాడు. మకరందుడు వద్దన్నాడు. గండకుడు ఈసారి పొగలు కక్కే వేన్నీళ్ళు తెచ్చాడు. పొద్దస్తమానం నడిచి కొయ్యబారిన కాళ్ళు కదా, మకరందుడు చెంబు అందుకోబోయాడు కూడా. అన్నల వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మూడోసారి గండకుడు మాటలే వాడాడు. "పరాయివాళ్ళ ముగ్గు బురదకాళ్ళతో తొక్కమని మీ అమ్మ నేర్పిందా?"

ముగ్గు తొక్కబోయి లేచిన మకరందుడి కాలు లేచినట్టే ఆగిపోయింది. చిన్నప్పుడు ముగ్గు తొక్కితే అమ్మ చెవి మెలిపెట్టేది. అన్నలిద్దరూ ఆ పెంపకానికి కట్టుబడినవాళ్ళే, అందుకే ఇలా అయ్యారు. అక్కడ అమ్మ పస్తులుంటోంది.

"నేర్పలేదు. ఇంటికెళ్ళి తిట్లు తింటాలే" అని మకరందుడు ముగ్గు మీద చతికిలపడి, అటూ ఇటూ దొర్లాడు.

గండకుడు పొగై పోయాడు. అన్నలు ఆవులిస్తూ మేలుకున్నారు. లోపలినుంచి వచ్చిన హేమలేఖ, తలనుంచి పాదాలదాకా బురదైన మకరందుణ్ణి చూసి పకపకా నవ్వి, పెళ్ళంటూ చేసుకుంటే ఇతన్నే చేసుకుంటానంది.

అలాగే చేసుకుంది. హేమలేఖ తండ్రి తన రాజ్యం అల్లుడికే ఇచ్చాడు, మకరందుడు చాలాకాలం చల్లగా ఏలాడు. కానీ ఎన్ని వైభవాలు చూసినా, అతను మళ్ళీ మళ్ళీ తలుచుకుని సంతోషపడింది ఒక్కదానికే. ఇల్లు చేరిన రోజున అమ్మ ముగ్గురు కొడుకుల ఒళ్ళూ తడిమి చూసుకుని, వాళ్ళ మధ్యనే కూర్చుని, విస్తరి వేయమని తనే అడిగింది.