మంచులోయలో గంటలు

కొండ కింద ఒక మేకల మంద, కొండ అవతల ఒక లోయ. మధ్యాహ్నం దాకా ఆ లోయలో మంచు విడవదు. నుదుట తెల్లమచ్చ ఉన్న చుక్కి అనే పడుచు మేకకు కళ్ళు మూసినా తెరిచినా ఆ లోయే.

"అక్కడ ఆకు రాలినా వినబడుతుందట అమ్మా," అనేది.

"మీ అన్న పుల్లడూ ఇట్లాగే కలలు కన్నాడు. వానల్లో వెళ్ళినవాడు ఇంకా రాలేదు. గంట మోగిస్తూ, నా చెవికి అందేంత దూరంలో మేయి."

ఆ మందలో ప్రతి మేక మెడలోనూ గంట ఉంటుంది. పెరిగే మేక కదా అని కాపరి చుక్కి గంటను వదులు తాడుతో కట్టి, కొస వేలాడనిచ్చాడు. కొస లాగితే తాడు బిగుస్తుంది. మళ్ళీ వదులు చెయ్యాలంటే మనిషి వేళ్ళే కావాలి.

ఒక పొద్దున జంబయ్య అనే నక్క కంచె పక్కన నుంచున్నాడు.

"కోడలా, లోయ చూస్తావా? స్వర్గమే అనుకో. మీ పుల్లడు అక్కడే ఉండిపోయాడు. రోజూ నీ గురించే అడుగుతాడు."

అన్న పేరు వినగానే చుక్కి కంచె దూకి, నక్క వెంట కొండ దాటింది.

లోయ గురించి మాత్రం నక్క అబద్ధమాడలేదు. సాలెగూళ్ళ నిండా నీటి ముత్యాలు. గడ్డి నోట్లో వేసుకుంటే చల్లగా, తియ్యగా కరిగిపోయింది. ఇంతకాలం ఎండు చొప్ప నమిలిన నోరేనా ఇది అనిపించి, చుక్కికి ఏడుపొచ్చింది. కాసేపటికి తట్టింది, అక్కడ ఒక్క పిట్టా కూయడం లేదు.

టక్కు... టక్కు...

పుల్లడి గంట అది. పగిలింది కాబట్టి అట్లాగే మోగుతుంది. చుక్కి పరుగెత్తింది. మంచులో ఒక పొద, దాని కొమ్మలకు బోలెడు గంటలు. గాలికి ఊగుతున్నాయి. వాటి కింద మెడలు లేవు. పగిలిన గంట తాడుకు ఎర్రటి వెంట్రుకలు, ఎండిన నెత్తురు.

"అన్న ఏడీ మామా?"

"లోపలున్నాడు. గంట తీసెయ్యి, వెళ్దాం. ఈ అడవికి చప్పుడు పడదు."

చుక్కికి అంతా అర్థమైంది. పైకి మాత్రం తేలనివ్వలేదు.

"తీస్తా. కానీ మా గంట మెడ నుంచి మెడకే మారాలి, అమ్మ ఒట్టు పెట్టింది. నువ్వోసారి వేసుకుని, తర్వాత కొమ్మకు తగిలించు."

"ఇదెక్కడి గోల?"

"వద్దంటే పోనీ. మోగిస్తూ ఇక్కడే నుంచుంటా. మా కాపరి కుక్కల చెవులు నీకు తెలియనివి కావుగా."

జంబయ్య కొండవైపు చూశాడు. "సరే, తే. ఒక్క క్షణమేగా."

నుదురూ నుదురూ ఆనించారు. నక్క ఊపిరి పచ్చిమాంసం కంపు కొట్టింది. తాడు ఈ మెడ మీంచి ఆ మెడ మీదికి జారింది. చుక్కి కొసను పళ్ళతో పట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగింది.

చుక్కి మంచులోకి పరుగెత్తింది, జంబయ్య వెనకే దూకాడు. గణగణ. మంచులో నక్క కనబడలేదు, గంట వినబడింది. అది ఎడమకొస్తే చుక్కి కుడికి తప్పుకుంది, అది ఆగితే తనూ ఆగింది. ఈలోగా కొండ మీంచి కుక్కలు మొరుగుతూ దిగాయి. గంట లోయ లోతుల్లోకి పారిపోయింది. మొరుగుడు వచ్చిన దిక్కుగా నడిచి చుక్కి తల్లిని చేరింది.

చుక్కి ఇప్పుడూ లోయకు వెళ్తుంది, కొత్త గంటతో, మందతో, కుక్కలతో. ఆ గడ్డి రుచి మరిచిపోయేది కాదు మరి.

గంట మోగిస్తూ వచ్చే నక్కకు ఏ కుందేలు దొరుకుతుంది? కొన్నాళ్ళు ఆ గంట పొదల్లో ఆకలిగా తిరిగింది. ఇప్పుడు ఒక్కచోటి నుంచే, గాలి వీచినప్పుడే మోగుతోంది.

ఎంత అందమైన చోటికైనా వెళ్ళు, కానీ నువ్వెక్కడున్నావో నీవాళ్ళకు చెప్పే గంటను తీసెయ్యమన్నవాణ్ణి నమ్మి అడుగు వెయ్యకు.